రాణులంటే రుద్రమదేవి ఒక్కరేనా? గోదావరి శాసనాల్లో దొరికే జవాబు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయికి బడిలో ‘మధ్యయుగ రాణులు – వారి జీవితం, ప్రభావం’ అని వ్యాసం ఇచ్చారు. పాఠ్యపుస్తకంలో రుద్రమదేవి తప్ప ఎవరూ కనిపించలేదు. మన కోనసీమ వైపు, రాజమహేంద్రవరం వైపు రాణులే లేరా, ఉంటే వాళ్ల మాట అంతఃపురం గడప దాటేదా అని అడిగారు. చరిత్ర పాఠం చెప్పడం, సెలవు దొరికితే గుళ్ల వెంట తిరిగి శాసనాలు చదువుకోవడం, ముప్పై ఏళ్లకు పైగా ఇదే నా పని. అందుకే జవాబు కొంచెం పొడుగవుతుంది. ఓపికగా చదివి, అమ్మాయికి పనికొచ్చేది ఏరి ఇవ్వండి.

ముందు ఒక మాట చెప్పాలి. రాణి అనగానే మనం కత్తి, గుర్రం, కోట బురుజు వెతుకుతాం. అక్కడ వెతికితే రుద్రమ ఒక్కరే దొరుకుతారు. గోదావరి సీమలో రాణుల బలం మరోచోట ఉంది. అది వాళ్ల పుట్టింట్లో ఉంది. పుట్టింటి సైన్యం, పుట్టింటి సొమ్ము, పుట్టింటి వంశం పేరు ఇక్కడి సింహాసనాలను నిలబెట్టాయి, కూలదోశాయి కూడా. ఆ బలానికి మిగిలిన సాక్ష్యం ఎక్కువగా గుడి రాళ్ల మీద, రాగిరేకుల మీద ఉంది. కావ్యాలు భర్తలకు అంకితం వెళ్లాయి. రాణి పేరు నిలిచింది దానశాసనాల్లోనే.

ఏ శాసనం చదివినా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఇచ్చింది ఎవరు? ఎవరి సొమ్ము ఇచ్చారు? ఎవరి పుణ్యం కోసం ఇచ్చారు? రాణి తన సొమ్ము తన తల్లిదండ్రుల పుణ్యానికి ఇస్తే ఒక సంగతి తెలుస్తుంది. భర్త ఆమె పేరిట ఊరు ఇస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. మీ అమ్మాయికి ఈ మూడు ప్రశ్నలు నేర్పితే చాలు, మిగతాది తనే పట్టుకుంటుంది.

ఇక మన రాజమహేంద్రవరం కథకు వస్తాను. నన్నయ గారిచేత భారతం తెనిగింపజేసిన రాజరాజ నరేంద్రుడు మనకు తెలుసు. ఆయన తల్లి ఎవరని అడిగితే ఊళ్లో పదిమందిలో ఒకరైనా చెప్పలేరు. ఆమె కుందవ. తంజావూరులో పెద్ద గుడి కట్టించిన రాజరాజ చోళుడి కూతురు, రాజేంద్ర చోళుడి చెల్లెలు. ఇక్కడ ఒక పొరపాటు సరిదిద్దాలి. ఈమధ్య సినిమాల వల్ల కుందవ అనగానే రాజరాజ చోళుడి అక్కగారు గుర్తుకొస్తున్నారు. ఆ కుందవ వేరు. అక్క మీద గౌరవంతో ఆ పేరే కూతురికి పెట్టుకున్నాడాయన. మన కోడలు ఆ రెండో కుందవ.

ఈ సంబంధం ఊరికే కుదరలేదు. 973 ప్రాంతంలో జటాచోడ భీముడు, కృష్ణా గోదావరుల మధ్య తూర్పు చాళుక్యులు ఏలిన వేంగి రాజ్యాన్ని ఆక్రమించుకుంటే, చాళుక్య రాజకుమారులు శక్తివర్మ, విమలాదిత్యుడు చోళుల పంచన చేరారు. చోళ సైన్యం వచ్చి 999 ప్రాంతంలో శక్తివర్మను గద్దె ఎక్కించింది. ఆ సహాయానికి ముడి బిగించినట్టు విమలాదిత్యుడికి కుందవనిచ్చి పెళ్లి చేశారు. విమలాదిత్యుడికి మేడవ అని మరో రాణి ఉంది. కుందవ కొడుకు రాజరాజ నరేంద్రుడు, మేడవ కొడుకు విజయాదిత్యుడు. తండ్రి 1018లో పోయాడు. రాజరాజుకు పట్టాభిషేకం జరిగింది 1022లో. మధ్యలో ఉన్న ఆ నాలుగేళ్లే ఇద్దరు సవతుల పుట్టిళ్ల మధ్య నలిగిన కాలం. విజయాదిత్యుడి పక్షాన పశ్చిమ చాళుక్యులు నిలిచారు. రాజరాజు పక్షాన మేనమామ రాజేంద్ర చోళుడు సైన్యం పంపాడు. ఆ తరువాత కూడా రాజరాజు గద్దె దిగాల్సి రావడం, మళ్లీ ఎక్కడం జరిగింది. అంటే నన్నయ పద్యం రాయడానికి కావలసిన నెమ్మది ఆ ఆస్థానానికి దక్కడం వెనుక ఒక తల్లి పుట్టిల్లు ఉంది.

రాజరాజ నరేంద్రుడు పెళ్లి చేసుకున్నది ఎవరిని? అమ్మంగదేవిని. రాజేంద్ర చోళుడి కూతురు, అంటే సాక్షాత్తూ మేనమామ కూతురు. వాళ్ల కొడుకు పేరు రాజేంద్రుడు, తాతగారి పేరే. ఆ కుర్రవాడు పెళ్లి చేసుకున్నది మధురాంతకిని. ఆమె ఎవరంటే అమ్మంగదేవి సోదరుడు రెండో రాజేంద్ర చోళుడి కూతురు. మళ్లీ మేనమామ కూతురే. మూడు తరాల పాటు చోళుల ఇంటి ఆడపిల్లే వేంగి కోడలు. చరిత్ర పుస్తకాలు దీన్ని ‘వైవాహిక సంబంధాలు’ అని రెండు మాటల్లో తేల్చేస్తాయి. మన ఇళ్లలో మేనరికం అంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఇంకా చాలా అర్థమవుతుంది. అత్తగారు పరాయి మనిషి కాదు, మేనత్త. కోడలు వచ్చిన ఇంట్లో తన పుట్టింటి మాటే వినిపిస్తుంది. కుందవ తన అన్న కూతురిని కోడలిగా తెచ్చుకుందంటే తన పలుకుబడిని ఇంకో తరానికి పదిలం చేసుకున్నట్టే అని నా నమ్మకం.

దీని ఫలితం చూడండి. 1061లో రాజరాజ నరేంద్రుడు పోయాక అమ్మంగదేవి కొడుక్కి వేంగి దక్కలేదు. సవతి చిన్నాన్న విజయాదిత్యుడు ముందు తన కొడుకును గద్దె ఎక్కించాడు, ఆ కొడుకు యుద్ధంలో చనిపోతే తనే ఎక్కాడు. తండ్రి సొత్తు పోయింది. కానీ 1070లో చోళుల ఇంట వారసుడు లేక గద్దె ఖాళీ అయితే, అదే కుర్రవాడు తల్లి పుట్టింటి సింహాసనం మీద కూర్చున్నాడు. ఆయనే కులోత్తుంగ చోళుడు, 1122 దాకా ఏలాడు. తండ్రి వైపు చాళుక్యుడు, తల్లి వైపు, నాయనమ్మ వైపు, భార్య వైపు చోళుడు. గోదావరి ఒడ్డున పుట్టిన వంశం కావేరి ఒడ్డున అర్ధశతాబ్దం రాజ్యం చేసిందంటే దానికి దారి వేసినవాళ్లు ముగ్గురు ఆడవాళ్లు. వాళ్ల పేర్లు మన ప్రాంతంలోనే దొరికిన చెల్లూరు రాగిరేకుల్లో వరుసగా ఉన్నాయి. ఆ రేకుల్లోనే ఒక ముచ్చట కూడా ఉంది. కులోత్తుంగుడి కొడుకు ఒకడిని వేంగి పాలనకు పంపితే, ఒక్క ఏడాది పాలించి ‘ఈ రాజ్యసుఖం తల్లిదండ్రుల పాదసేవకు సాటి రాదు’ అని తిరిగి వెళ్లిపోయాడట. ప్రశస్తి కవులు అలంకరించి చెప్పారేమో. అయినా ఆ మాటలో తండ్రితో పాటు తల్లి కూడా ఉండటం నాకు ఇష్టం.

అమ్మంగదేవి గురించి ఇంత చెప్పాక ఒక బాధ చెప్పుకోవాలి. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి భార్య ఎవరని అడిగితే చాలామంది చిత్రాంగి అంటారు. సవతి కొడుకు సారంగధరుడి మీద మనసుపడి, అతడు కాదంటే నింద మోపి కాళ్లూ చేతులూ నరికించిందన్న కథ. సారంగధర మెట్ట ఇప్పటికీ ఉంది. నాటకాలు, పాటలు, సినిమాలు ఆ కథను ఊరి చరిత్ర చేసేశాయి. రాజరాజ నరేంద్రుడి శాసనాల్లో చిత్రాంగీ లేదు, సారంగధరుడూ లేడు. లేని రాణిని పాపిష్టిదాన్ని చేసి వందల ఏళ్లు తలుచుకున్నాం, ఉన్న రాణిని మరిచిపోయాం. మీ అమ్మాయి వ్యాసంలో ఈ ఒక్క సంగతి రాసినా నేను సంతోషిస్తాను.

ఇప్పుడు ద్రాక్షారామానికి వెళదాం. భీమేశ్వరాలయం స్తంభాల మీద, గోడల మీద వందల శాసనాలున్నాయి. వాటిలో ఆడవాళ్ల పేర్లు లెక్కకు మించి వస్తాయి. రాణులు, మంత్రుల భార్యలు, సామంతుల తల్లులు, గుడి సానులు కనిపిస్తారు. ఎక్కువ భాగం ఒకే రకం దానం, స్వామికి అఖండదీపం. చాలామంది ‘దీపం పెట్టించిందట’ అని చదివి ముందుకు వెళ్లిపోతారు. నేను కూడా మొదట్లో అలాగే వెళ్లిపోయేవాణ్ణి. ఒకరోజు ఒక స్తంభం దగ్గర కూర్చుని, అక్షరం అక్షరం తడుముతూ దీపం ఎలా వెలుగుతుందో చదివాక అక్కడి నుంచి లేవబుద్ధి కాలేదు.

అది ఇలా నడుస్తుంది. దీపం దానం చేసే ఇల్లాలు నూనె కొనిపెట్టదు. గొర్రెలను ఇస్తుంది, తరచుగా 50. ఆ మందను ఒక బోయడి చేతికి అప్పగిస్తారు. అతడు రోజూ మానెడు నెయ్యి గుడికి పోయాలి. అతడి తరువాత అతడి కొడుకు, ఆ తరువాత మనుమడు ‘పుత్రానుపౌత్రికంగా’ ఆ నెయ్యి నడపాలి. గొర్రె చస్తే ఎలా? మందలో పుట్టే పిల్లలతో లెక్క సరిచేసుకోవాలి. అందుకే తమిళ శాసనాల్లో ఇలాంటి గొర్రెలను చావనివీ ముసలివి కానివీ అంటారు. రాతి మీద ఉన్న నాలుగు వరుసల వెనుక ఒక మంద, ఒక కుటుంబం, ఒక గుడి కలిసి తరతరాలు సాగే ఏర్పాటు ఉంది. దాన్ని ఏర్పాటు చేసినది ఒక స్త్రీ. ఆమెకు మంద ఉంది. దాన్ని ఇచ్చే హక్కు ఉంది. ఇచ్చాక రాతి మీద పేరు చెక్కించుకునే హోదా ఉంది. అంతఃపురం గడప దాటి ఆమె మాట చెల్లేదా అన్న మీ ప్రశ్నకు ఇంతకంటే గట్టి జవాబు నా దగ్గర లేదు.

ఇంకా వెనక్కి వెళితే, తూర్పు చాళుక్య రాజ్యం పుట్టినప్పుడే రాణి దానం కనిపిస్తుంది. కుబ్జ విష్ణువర్ధనుడి రాణి అయ్యణ మహాదేవి బెజవాడలో నడుంబివసతి అనే జైనుల గుడికి ముసినికొండ అనే ఊరిని ఇప్పించింది. ఏడో శతాబ్దపు మాట ఇది. ఆ దానాన్ని తరువాతి కాలంలో మరో విష్ణువర్ధనుడు మళ్లీ ఖాయం చేశాడు. రాణి మాటకు ఆమె తదనంతరం కూడా విలువ ఉందనడానికి ఇది చాలు.

రాణి కాని ఒకామె గురించి కూడా చెప్పకుండా ఉండలేను. పదో శతాబ్దంలో రెండో అమ్మరాజు కాలం. పట్టవర్ధిక వంశానికి చెందిన చామెకాంబ అనే గణిక ఆయన ఆదరం పొందింది. ఆమె జైన శ్రావకురాలు. ఆమె కోరితే రాజు అత్తిలినాటిలోని కలుచుంబఱ్ఱు గ్రామాన్ని జైన గురువు అర్హనందికి ఇచ్చాడు. సర్వలోకాశ్రయ జినభవనం భోజనశాల మరమ్మతులకు ఆ దానం. అత్తిలి మన పశ్చిమ డెల్టాలోదే, నేటికీ అదే పేరు. ఆమె తన పేరిట మేడ కట్టమని అడగలేదు, అన్నం పెట్టే చోటు బాగుచేయమంది. ఆ శాసనం ఆమెను చిన్నచూపు చూడదు, గౌరవంగా వర్ణిస్తుంది. పాఠ్యపుస్తకాలకు ఆమె హోదా ఇబ్బంది కావచ్చు. ఆనాటి రాగిరేకుకు ఇబ్బంది కాలేదు.

పిఠాపురం వెళ్లినప్పుడు కుంతీమాధవస్వామి గుడిలో ఉన్న శాసన స్తంభం చూడండి. నాలుగు వైపులా అక్షరాలే. శకవర్షం 1108, అంటే 1186 నాటిది. వెలనాటి వంశపు రాజు పృథ్వీశ్వరుడి తల్లి జయాంబిక, ప్రోలునాటిలోని నవఖండవాడ గ్రామాన్ని కుంతీమాధవుడికి ఇచ్చిన సంగతి అందులో ఉంది. ఆ ఊరు ఎక్కడికీ పోలేదు. పిఠాపురం పక్కనే నవఖండ్రవాడగా ఇప్పటికీ ఉంది. వెలనాటి వంశక్రమం తెలుసుకోవడానికి చరిత్రకారులు ఆధారపడే ముఖ్యమైన శాసనాల్లో ఇదొకటి. ఆలోచించండి, తండ్రులు తాతల యుద్ధాల జాబితా మనకు దక్కింది ఒక తల్లి చేసిన దానం పుణ్యాన. ఆమె ఊరు ఇవ్వకపోతే ఆ స్తంభం లేదు, స్తంభం లేకపోతే ఆ వంశవృక్షంలో కొన్ని కొమ్మలు లేవు.

ఆ స్తంభాన్ని మొదటిసారి చూసిన రోజు నాకు బాగా గుర్తు. నడినెత్తిన ఎండ. అక్షరాలన్నీ రాతిలో కలిసిపోయి ఏమీ కనిపించలేదు. సాయంత్రం దాకా ఆగాను. పొద్దు వాలి వెలుగు ఏటవాలుగా పడగానే ఒక్కొక్క గీత లోతుగా నల్లగా లేచి నిలబడింది. రాయి మీద రాత చదవాలంటే వెలుగు పక్కనుంచి రావాలి, ఎదురుగా కాదు. ఇదే ఇంకో గుడిలో వేరుగా జరిగింది. పేరు చెప్పను. అంతకు ముందు ఏడాది నేను సగం రాసుకుని వచ్చిన ఒక శాసనం మీద, పండుగకని మందంగా సున్నం కొట్టేశారు. అందులో ఒక స్త్రీ పేరు మొదటి రెండు అక్షరాలే నా పుస్తకంలో ఉన్నాయి. మిగతా అక్షరాలు ఇప్పటికీ నాకు దొరకలేదు.

రుద్రమదేవి గురించి మీ అమ్మాయికి తెలిసిందే కాబట్టి కొద్దిగా చెబుతాను. ఆమె మన కోడలు. భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్య రాజకుమారుడు. గణపతిదేవుడు కృష్ణా గోదావరుల మధ్య పట్టు సాధించాక ఈ వైపు పాతకాలపు రాజవంశంతో కుదుర్చుకున్న సంబంధమిది. అన్ని చోట్లా కూతుర్ని ఇచ్చి అల్లుడి రాజ్యాన్ని బలపరిస్తే, ఇక్కడ మాత్రం పుట్టిల్లే ఆమె రాజ్యమైంది, అల్లుడు పక్కకు తప్పుకున్నాడు. 1262 నుంచి 1289 దాకా ఏలింది. శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’ అని పురుషుడి పేరుతోనే పిలిపించుకుంది. గణపతిదేవుడి తరువాత కళింగ గజపతులు గోదావరి దాకా చొచ్చుకువస్తే, ఆమె సేనానులు పోతినాయకుడు, ప్రోలినాయకుడు వారిని తరిమి గజపతిని గెలిచిన బిరుదులు ధరించారు. ఆమె మరణాన్ని నల్లగొండ వైపు చందుపట్ల శాసనం 1289 నవంబరులో చెబుతోంది. మోటుపల్లి గురించి రాసిన మార్కో పోలో ఆమెను భర్త పోయాక రాజ్యం ఏలిన రాణిగా చెప్పాడు. అది పొరపాటు. భర్త నుంచి కాదు, తండ్రి నుంచి ఆమెకు రాజ్యం వచ్చింది. ఆమె తరువాత గద్దె ఎక్కిన ప్రతాపరుద్రుడు ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు. చూశారా, మళ్లీ ఆడపిల్ల దారినే రాజ్యం నడిచింది.

ఒక విషయం మాత్రం విడిగా చెప్పాలి. 1261 నాటి మల్కాపురం శాసనంలో రుద్రమ దానంతో నడిచే ప్రసూతిశాల, ఆరోగ్యశాల ప్రస్తావన ఉంది. కత్తి పట్టిన రుద్రమ బొమ్మ ప్రతి బడి గోడ మీదా ఉంది. పురుడు పోసే చోటుకు పొలం రాసిచ్చిన రుద్రమ ఏ గోడ మీదా లేదు.

ఆ మాటతోనే నాకు అన్నిటికంటే ఇష్టమైన రాణి దగ్గరకు వస్తాను. అనితల్లి. రాజమహేంద్రవరం రెడ్డి రాజ్యం. కొండవీటి కుమారగిరిరెడ్డి తన చెల్లెలు మల్లాంబిక భర్త కాటయవేముడికి తూర్పు రాజ్యాన్ని ఇచ్చాడు. అంటే ఈ రాజ్యానికి పునాదే ఒక ఆడపడుచు. కాటయవేముడు కోనసీమలో తొత్తరమూడి శాసనం ద్వారా ఇచ్చిన గ్రామానికి భార్య పేరిట మల్లవరమని పేరు పెట్టాడు. (డెల్టాలో మల్లవరాలు, వేమవరాలు చాలా ఉన్నాయి. పేరు చూసి అన్నీ రాణులవే అనుకోకండి, శాసనం ఉంటేనే నమ్మండి.) కాటయవేముడు, కొడుకు ఇద్దరూ పోయాక మిగిలినది కూతురు అనితల్లి. కొండవీటి పెదకోమటి వేముడు రాజమహేంద్రవరం తనదన్నాడు. అల్లాడరెడ్డి అడ్డంగా నిలబడి, అనితల్లి పేరున రాజ్యాన్ని కాపాడి, తన కొడుకు వీరభద్రారెడ్డికి ఆమెనిచ్చి పెళ్లి చేశాడు.

ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. కత్తి అల్లాడరెడ్డిది. తరువాత పాలన అంతా వీరభద్రుడు, అన్న వేమారెడ్డి చూసుకున్నారు. శ్రీనాథుడు కాశీఖండం అంకితమిచ్చింది వీరభద్రారెడ్డికే. అయితే వీరభద్రుడు ఏ హక్కుతో రాజు? భార్య హక్కుతో. అనితల్లి లేకపోతే అల్లాడరెడ్డి కుటుంబం ఎంత గొప్పదైనా రాజమహేంద్రవరం మీద చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆమె ఇష్టాయిష్టాలు అడిగారా, అడిగితే ఏమన్నది, ఏ రేకూ చెప్పదు.

కానీ ఒక రేకు మీద ఆమె తానుగా నిలబడింది. శకవర్షం 1345, అంటే 1423. కలువచేరు శాసనం. పరహిత అనే పేరుమోసిన వైద్య వంశానికి అనితల్లి కలువచేరును దానం చేసింది. ఆ దానం చెప్పడానికి ముందు, పద్ధతి ప్రకారం వంశం చెప్పాలి, దేశం చెప్పాలి. అందులో ఆమె శాసనం ఎంత వెనక్కి వెళ్లిందో చూడండి. ప్రతాపరుద్రుడి మరణం, ఓరుగల్లు పడిపోయాక దేశం పడిన కష్టం, ప్రోలయనాయకుడు లేచి నిలబడటం, ఆయన తరువాత కాపయనాయకుడి కింద 75 మంది నాయకులు ఒక్కటవడం, కాపయ తరువాత వాళ్లు ఎవరి చోట్లకు వాళ్లు వెళ్లిపోవడం. ఈ ప్రోలయ, కాపయలదే ముసునూరి వంశం. ముసునూరి నాయకుల గురించి మనం ఈనాడు ఏ పుస్తకంలో చదివినా ఆ 75 మంది లెక్క వచ్చేది ఈ శాసనం నుంచే. ప్రోలయనాయకుడిదే అయిన విలస శాసనం కూడా మన కోనసీమలోనే దొరికింది. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని కదా ఆంధ్రదేశపు ఆ నూరేళ్ల చరిత్రను పెద్దలు అల్లింది. 1323లో ఓరుగల్లు పడింది. సరిగ్గా వందేళ్లకు ఒక రాణి, ఒక వైద్యుడికి ఊరు ఇస్తూ, ఆ జ్ఞాపకాన్ని రాగి మీద చెక్కించింది. ఆమె ప్రభావం ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇదే చూపిస్తాను.

గుంటూరు వైపు మాట ఒకటి చెప్పకపోతే అనితల్లి కాలం పూర్తి కాదు. ఆమెకు శత్రుపక్షమైన పెదకోమటి వేముడి రాణి సూరాంబ 1409లో ఫిరంగిపురంలో పెద్ద చెరువు తవ్వించి సంతానసాగరమని పేరు పెట్టింది. ఆ శాసనం రాసింది శ్రీనాథుడే. పేరు గమనించారా? మనవాళ్లు సప్తసంతానాలు అన్నారు, కొడుకు, చెరువు, కావ్యం, గుడి, నిధి, అగ్రహారం, తోట. ఏడింటిలో కడుపున పుట్టేది ఒక్కటే. కొడుకును కంటేనే విలువ అన్న లోకంలో, మిగిలిన ఆరింటినీ తన చేతులతో చేసుకునే వీలు రాణికి ఉంది. చెరువులూ దీపాలూ అగ్రహారాలూ వాళ్ల పేర్ల మీద ఇన్ని ఎందుకున్నాయో నాకు ఆ చెరువు పేరు చదివాకే తెలిసింది.

అంతా బాగుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. శాసనం ఎక్కినవాళ్లు సొమ్మున్నవాళ్లు. ఆ మంద కాసిన బోయ ఇల్లాలి పేరు ఏ రాయి మీదా లేదు. రాణులకు కూడా ఎదురుదెబ్బలు తక్కువేమీ కాదు. కుందవ, మేడవ కొడుకుల పోరు ఇద్దరు తల్లులనూ ఎంత వేధించి ఉంటుందో మనం ఊహించుకోవాల్సిందే. పెళ్లి వాళ్ల చేతిలో లేదు, సంధి షరతులో భాగం. అయినా ఆ కట్టుబాటులోనే దొరికిన చోటు వెతుక్కున్నారు, సొమ్ము నిలిచే చోట పెట్టారు, పేరు నిలిచే చోట చెక్కించారు.

ఇక అమ్మాయికి పని. పుస్తకాల్లోంచి ఎత్తిరాయవద్దనండి. ఒక ఆదివారం ద్రాక్షారామం, ఇంకో ఆదివారం పిఠాపురం తీసుకెళ్లండి. పొద్దున ఎనిమిది లోపల గాని సాయంత్రం నాలుగు దాటాక గాని వెళ్లండి. ఫోను లైటును రాతికి ఆనించి పక్కనుంచి వేసి ఫోటో తీయండి. అక్షరాల మీద సుద్ద, పిండి, పసుపు, నూనె ఏదీ రాయనివ్వకండి, ఎవరైనా రాస్తుంటే దయచేసి ఆపండి. శకవర్షం కనిపిస్తే దానికి 78 కలపమనండి, మన లెక్క వస్తుంది. పేరు చివర ‘అంబ’, ‘అంబిక’, ‘మహాదేవి’, ‘సాని’ వస్తే అక్కడ ఆగమనండి. అమ్మాయికి ఒక్క పేరు దొరికినా ఆ ఫోటో నాకు పంపండి, కలిసి చదువుదాం. పిఠాపురం నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆటో నవఖండ్రవాడ మీదుగా పోనివ్వండి. ఆ ఊరి బడి దగ్గర ఆగి, ఈ ఊరిని ఒకామె దేవుడికి ఇచ్చిందని అక్కడి పిల్లలకు మీ అమ్మాయి చేతే చెప్పించండి.